ఒంటిస్తంభం మేడలు

సంక్రాంతికి ముందు మా చిన్నాయన ఫోన్ చేసి అయిదు లక్షలు సర్దమన్నాడు. పుట్టపర్తిలో ఆయనకి ఆరు గదులున్నాయి. వాటి మీద ఇంకో అంతస్తు వేస్తాడట. "జిల్లా అయ్యింది కదరా, ఆఫీసోళ్ళు అద్దెకి అడగతాండారు" అన్నాడు. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. పండక్కి వస్తాను కదా, అప్పుడు మాట్లాడదాం అని తప్పించుకున్నాను. ఈ విద్య మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు :)

కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆ ఆరు గదుల కథ ఇంచుమించు మా జిల్లా కథే. 2008లో మా చిన్నాయన తనకున్న తొమ్మిదెకరాల మెట్ట పొలంలో నాలుగెకరాలు అమ్మి, ఇంకొంత అప్పు చేసి, పుట్టపర్తిలో స్థలం కొని ఆ గదులు కట్టాడు. వ్యవసాయం మీద నమ్మకం పోయి చేసిన పని అది. మూడేళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. ఆ తర్వాత ఏమైందో మీలో చాలామంది ఊహించే ఉంటారు. ఒకదాన్ని నమ్ముకుని దెబ్బతిన్న మనిషి, దాన్నుంచి బయటపడడానికి ఇంకోదాన్ని అంతకంటే గట్టిగా నమ్ముకున్నాడు. ఇప్పుడు మూడోదాన్ని నమ్ముకుంటానంటున్నాడు.

మా ప్రాంతం తెలియనివాళ్ళ కోసం కాస్త భూగోళం. పుట్టపర్తి చిత్రావతి ఒడ్డున ఉంది. ఒడ్డున అనగానే కోనసీమ లెక్కలో ఊహించుకోకండి, ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ కనపడేది ఇసుకే. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే కురిసేసి మా దాకా ఖాళీగా వస్తాయి. ఈశాన్య మబ్బులు కోస్తాలో కురిసి, మా దగ్గరికి వచ్చేసరికి నీరసపడిపోతాయి. రెండు బంతుల్లోనూ మాది చివరి విస్తరి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన మాదేనని బళ్ళో చెప్పేవాళ్ళు, అదేదో ర్యాంకు వచ్చినట్టు.

నిజానికి వాన తక్కువ కావడం ఒక్కటే అయితే ఎలాగోలా సర్దుకోవచ్చు. ఎప్పుడు పడుతుందో తెలియకపోవడమే అసలు బాధ. జూన్‌లో ఊరిస్తుంది, విత్తనం వేశాక నెల రోజులు మాయమవుతుంది, పంట పీకి ఆరబెట్టిన రోజున వచ్చి అంతా కుళ్ళబెట్టి పోతుంది. 2021 నవంబరులో అదే చిత్రావతి పొంగి పుట్టపర్తిని వణికించింది. కరువు జిల్లాలో వరదా అని నవ్విన వాళ్ళున్నారు. మా వాన వరసే అంత.

ఇలాంటి నేలలో మా వాళ్ళు పట్టుకున్న పంట వేరుశెనగ. మా వైపు చెనక్కాయ అంటాం. అంతకుముందు కొర్ర, జొన్న, సజ్జ, రాగి, ఆముదం, కంది అన్నీ కలిపి వేసేవాళ్ళని మా అవ్వ చెప్పేది. మెల్లమెల్లగా అవన్నీ గట్ల మీదకి, సాళ్ళ మధ్యకి పోయి, చేనంతా చెనక్కాయే అయింది. ఒక దశలో ఉమ్మడి అనంతపురం జిల్లాలో 7 లక్షల హెక్టార్లకి పైగా ఈ ఒక్క పంటే వేశారు. ప్రపంచంలో ఒకే చోట ఇంత విస్తీర్ణంలో ఒకే పంటని వానని నమ్ముకుని వేసిన ప్రాంతాలు ఎక్కువ ఉండవు.

రైతులకి బుద్ధి లేక అలా చేశారని మాత్రం అనుకోకండి. ఎర్ర గరుసు నేలలో, నీళ్ళు లేకుండా, చేతికి డబ్బులిచ్చే పంట ఇంకేముంది? కాయ అమ్ముకోవచ్చు, కట్టె పశువులకి పడుతుంది. నలభై రోజులు వాన లేకపోయినా మొక్క వాడుతుంది గానీ చావదు, తర్వాత ఒక్క పదును దొరికితే మళ్ళీ లేస్తుంది. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టినప్పుడు దేశానికి నూనె కావాలంది, మా వాళ్ళు ఇచ్చారు. బ్యాంకు అప్పు చెనక్కాయకి, సబ్సిడీ విత్తనం చెనక్కాయకి, బీమా చెనక్కాయకి, కొనే వ్యాపారి కూడా చెనక్కాయకే. ఇంతమంది కలిసి ఒకే దారి చూపిస్తే ఎవరైనా ఆ దారినే పోతారు. మన భాషలో చెప్పాలంటే, అందరూ ఒకే ప్లాట్‌ఫారం మీద కోడ్ రాసేశాక ఇంకోదానికి మారడం ఎవరి వల్లా కాదు.

తర్వాత దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 1994లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచారు. మలేషియా, ఇండోనేషియా నూనె మన వంటింట్లోకి వచ్చేసరికి మా కాయకి ధర పలకడం కష్టమైంది. 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్ళు వైరస్ వచ్చింది. రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ మొక్కలో ఆ వైరస్ దాక్కుంటుంది. దాని పుప్పొడితో పాటు తామర పురుగులు చేనులోకి మోసుకొస్తాయి. ఆ ఒక్క సీజన్లో 2 లక్షల హెక్టార్లకి పైగా దెబ్బతింది, నష్టం 300 కోట్లు దాటింది. అన్ని చేలల్లో ఒకే పంట, అందులోనూ చాలా చోట్ల 1940లో విడుదలైన టీఎంవీ-2 అనే ఒకే పాత రకం ఉంటే తెగులుకి అడ్డేముంటుంది? బోర్లు వేసి చీనీ తోటలు పెట్టి గట్టెక్కుదామనుకున్న వాళ్ళలో చాలామందికి నీళ్ళు పడలేదు, అప్పు మాత్రం పడింది. ఆ ఏళ్ళలో మా జిల్లా పేరు రైతుల ఆత్మహత్యల వార్తల్లోనే ఎక్కువ కనపడేది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని దేశం మొత్తానికీ మా నార్పల మండలం బండ్లపల్లిలో మొదలుపెట్టారంటే, ఊరికే పెట్టలేదు.

ఇదంతా ఒక పక్క. ఇదే జిల్లాలో ఇంకో పక్క పుట్టపర్తి ఉంది.

1926లో సత్యసాయిబాబా పుట్టినప్పుడు అది ఒక కుగ్రామం. 1950లో ప్రశాంతి నిలయం వచ్చింది. 1981లో విశ్వవిద్యాలయం, 1990లో విమానాశ్రయం, 1991లో డబ్బు తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేసే సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, 2000లో రైల్వే స్టేషన్. ఒక మండల కేంద్రానికి ఇన్ని రావడం మన రాష్ట్రంలో ఇంకెక్కడా చూడం. మా చిన్నప్పుడు నవంబరు 23 వచ్చిందంటే ఊళ్ళో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. బజార్లో ఒక బట్టల కొట్టాయన ఇటాలియన్‌లో బేరమాడేవాడు. ఆయన చదివింది ఆరో తరగతి. ఆటో తోలేవాడు, పూలమ్మేది, చెప్పులు కాపలా కాసేవాడు, గది అద్దెకిచ్చేవాడు... అందరి పొయ్యీ ఆ జనం మీదే వెలిగేది. వాన పడకపోయినా పుట్టపర్తిలో పని దొరుకుతుంది అని చుట్టుపక్కల పల్లెల్లో ఒక ధైర్యం ఉండేది.

మా చిన్నాయన ధైర్యం కూడా అదే. స్వామి 96 ఏళ్ళ దాకా ఉంటారని భక్తుల్లో గట్టి నమ్మకం. ఆ లెక్కన 2022 దాకా ఢోకా లేదు, అప్పటికి అప్పు తీరి గదులు మిగులుతాయి అనుకున్నాడు. 2011 ఏప్రిల్ 24న బాబా పోయారు. నాకప్పుడు పధ్నాలుగేళ్ళు. ఆ వారం పుట్టపర్తికి దేశమంతా వచ్చింది. ఆ తర్వాత మెల్లగా రావడం మానేసింది. విదేశీయులు పలచబడ్డారు, స్థలాల ధరలు పడిపోయాయి, లాడ్జీలకి తాళాలు పడ్డాయి, అపార్ట్‌మెంట్ల కిటికీలు చీకట్లో ఉండిపోయాయి. మా చిన్నాయన ఆరు గదుల్లో ఒకదాంట్లో చాలాకాలం చెనక్కాయ మూటలు పెట్టుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 2011 తర్వాత పుట్టపర్తిలో అన్నీ కూలిపోలేదు. ఆసుపత్రి నడుస్తూనే ఉంది. కాలేజీ నడుస్తూనే ఉంది. 1995 తర్వాత ట్రస్టు దాదాపు 300 కోట్లతో వేసిన తాగునీటి పైపులు 700 పైగా గ్రామాలకి వెళ్ళాయి. ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన ఊళ్ళకి అదెంత పెద్ద విషయమో మాటల్లో చెప్పలేను. 1999లో దాని మీద తపాలా బిళ్ళ కూడా వేశారు. మనుషుల ఆరోగ్యాన్నీ చదువునీ పెంచినవి నిలబడ్డాయి. జనం వస్తేనే నడిచేవి కూలబడ్డాయి. ఇందులో భక్తి ప్రమేయం లేదు, అది పూర్తిగా వేరే విషయం. నేను చెప్పేది డబ్బు ఎటునుంచి వస్తుందన్న లెక్క మాత్రమే.

నిలబడినవి కూడా వాటంతట అవి నిలబడవు. ఆ నీటి పథకం తర్వాత ప్రభుత్వం చేతికి వెళ్ళింది. జీతాలు అందక అందులో పనిచేసేవాళ్ళు సమ్మె చేశారన్న వార్త ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పైపు వేసిన రోజుకి శిలాఫలకం ఉంటుంది. వాల్వు తిప్పేవాడి జీతానికి ఏ ఫలకమూ ఉండదు. ప్రొడక్షన్లోకి వెళ్ళిన తర్వాత సపోర్ట్ టీంకి బడ్జెట్ ఇవ్వని ప్రాజెక్టు గతి ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ ఒక్కదాని మీద బతకడం మా జిల్లాకే పట్టిన శని అని చాలాకాలం అనుకున్నాను. మా క్లయింట్ టీంలో ఒకతను ఉన్నాడు, లండన్లో ఉంటాడు, వాళ్ళ తాతది కరీబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా అనే చిన్న దీవి. ఒకరోజు కాల్ మొదలయ్యే ముందు ఊసుపోక ఊళ్ళ గురించి మాట్లాడుకుంటుంటే, వాళ్ళ తాత అరటి రైతని చెప్పాడు. ఆ దీవుల్లో ఒకప్పుడు అంతా చెరుకు, తర్వాత అంతా అరటి. అక్కడ మాకున్న కరువు లేదు, తుఫానులున్నాయి. గాలి వచ్చి తోట మొత్తం పడగొట్టినా తొమ్మిది నెలల్లో మళ్ళీ గెల వేస్తుంది కాబట్టి అరటినే పట్టుకున్నారు. మా వాళ్ళు వాడినా చావదని చెనక్కాయని పట్టుకున్నట్టే. కొండ వాలుల్లో రెండు మూడెకరాల చిన్న రైతులు, కొనేది బ్రిటన్. 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థ యూరప్ వాళ్ళకిచ్చే ప్రత్యేక కోటా చెల్లదని తీర్పు చెప్పింది. లాటిన్ అమెరికాలోని పెద్ద పెద్ద తోటల చవక అరటితో ఆ చిన్న రైతు పోటీ పడలేకపోయాడు. వేలమంది సాగు మానేశారు. తర్వాత దీవులు టూరిజం వైపు తిరిగాయి. 2020లో కోవిడ్ వచ్చి ఓడలు, విమానాలు ఆగిపోయేసరికి అదీ ఆగింది.

వింటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. వాళ్ళకి అరటి, మాకు చెనక్కాయ. వాళ్ళకి టూరిస్టులు, మాకు భక్తులు. సముద్రం ఒక్కటే తేడా. (2021లో మా తాడిపత్రి నుంచి అరటిపళ్ళు ప్రత్యేక రైల్లో ముంబై రేవుకి వెళ్ళి విదేశాలకి ఎగుమతి అయ్యాయి. సంతోషమే. కానీ ఈ కథ విన్న తర్వాత ఆ సంతోషం పూర్తిగా పడలేదు.)

ఇప్పుడు మా దగ్గర కొత్త స్తంభాలు లేచాయి. 2017లో కియా వాళ్ళు ఒప్పందం చేసుకుని, 2019కల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్లు బయటికి తెచ్చారు. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని పెట్టుకున్న ఊరి పక్కనుంచి ఇప్పుడు కంటైనర్లు పోతున్నాయి. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. హంద్రీ-నీవా ద్వారా కృష్ణ నీళ్ళు 2012లోనే జీడిపల్లికి చేరాయి. 2025 నవంబరులో బాబా శతజయంతికి ప్రధాని వచ్చారు, ఊరంతా మళ్ళీ దీపాలు వెలిగాయి.

ఇవేవీ వద్దని నేననను. ఫ్యాక్టరీ వద్దు, ఆఫీసులు వద్దు, కొర్రలు తిని బతకండి అని బెంగుళూరులో ఏసీలో కూర్చుని రాసే రకం కాదు నేను. పెద్దవి రావాలి. కానీ పెద్దది ఒకటి వచ్చిన ప్రతిసారీ మిగతావన్నీ వదిలేసి దాని మీదకి ఎగబడటమే మా జబ్బు. అభివృద్ధి అంటే ఏం వచ్చింది అని లెక్కపెడతాం. ఉన్నవాటిలో పెద్దది రేపు పోతే ఏం మిగులుతుంది అని ఎవరూ అడగరు. నా మటుకు నాకు అసలు కొలత అదే. వరసగా రెండేళ్ళు వాన పడకపోతే, మూడో ఏడు మే నెలలో ఊళ్ళో ఎన్ని ఇళ్ళకి తాళాలు ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ జిల్లా ఎంత ఎదిగిందో తెలిసిపోతుంది.

మా ఊళ్ళో ఇన్నేళ్ళలో ఎవరిల్లు నిలబడిందా అని చూస్తే, నాకు ఒక పెద్దాయన కనపడ్డాడు. ఆయనకి ఇరవై గొర్రెలున్నాయి. అరెకరంలో మల్బరీ ఉంది. చాకీ పురుగులు తెచ్చుకుని నెల తిరక్కుండా గూళ్ళు తీసి హిందూపురం మార్కెట్‌కి వేసుకెళ్తాడు. ఒక బ్యాచ్ పోయినా ఏడాదంతా పోదు, ఇంకో నెలలో ఇంకోటి. మిగతా చేలో చెనక్కాయ, సాళ్ళ మధ్య కంది. ఒక కొడుకు ఫ్యాక్టరీ బస్సెక్కుతాడు. కోడలికి డ్వాక్రా గ్రూపు. వీటిలో ఏ ఒక్కటీ గొప్పగా మిగలదు. చైనా పట్టు దిగుమతి అయితే గూళ్ళ రేటు పడిపోతుంది, జబ్బొస్తే గొర్రెలు పోతాయి. కానీ అన్నీ ఒకే ఏడు పోవు. ఆయన అప్పు చేసి గది కట్టలేదు, పొలం అమ్మలేదు. ఆయన్ని ఎవరూ ఆదర్శ రైతని సన్మానించలేదు కూడా.

ప్రభుత్వం చెయ్యాల్సింది ఇలాంటి ఇళ్ళని పెంచడం. దానికి వేల కోట్లు అక్కర్లేదు. పశువుల డాక్టరు ఊరికి రావాలి. గూళ్ళ మార్కెట్‌లో డబ్బు సమయానికి అందాలి. చిరుధాన్యాలు దంచి, శుభ్రం చేసి, అమ్మిపెట్టే ఏర్పాటు ఉండాలి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వాళ్ళు రైతుల సహకార సంఘం పెట్టించి ఆ పని చేసి చూపించారు కదా. సబ్సిడీ విత్తనం ఒక్క పంటకే కట్టేయకూడదు. వాల్వు తిప్పేవాడికి జీతం ఇవ్వాలి. ఇవేవీ రిబ్బన్ కత్తిరించే పనులు కావు, అందుకే జరగవు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా చిన్నాయనకి ఇదంతా చెప్పాను. గొర్రెలు, మల్బరీ, సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్... నా ధోరణిలో అరగంట చెప్పుకుపోయాను. లేపాక్షి గుడిలో వేలాడే స్తంభం కూడా చెప్పాను. ఒక స్తంభం నేలకి ఆనకపోయినా మండపం పడిపోలేదంటే పక్కన ఇంకెన్నో స్తంభాలు ఉండబట్టే కదా అన్నాను. ఆయన మంచం మీద కూర్చుని కాయలు వలుస్తూ అంతా విన్నాడు. చివర్లో ఒకటే అడిగాడు.

"సరేరా అబ్బోడా, నీకెన్ని ఉండాయి?"

"ఏవి?"

"స్తంభాలు. నీ జీతమొగటే కదా. ఆ ఫ్లాటు అప్పు గూడా దాని మీదే కదా. ఆ అమెరికా వోళ్ళు వద్దంటే యాడికి పోతావు?"

నా దగ్గర సమాధానం లేదు. మా టీంలో పోయిన ఏడాది ఎనిమిది మంది ఉండేవాళ్ళం, ఇప్పుడు అయిదుగురం. మిగతా ముగ్గురి పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో, చెయ్యడానికి అసలు మనిషి అవసరమా లేదా అన్నది మీకు తెలియని సంగతి కాదు. ఒకే పరిశ్రమ, ఒకే దేశపు క్లయింట్లు, ఒకే ఊళ్ళో ఇరవై ఏళ్ళ ఈఎంఐ. మనమూ చెనక్కాయ రైతులమే. కాకపోతే కాలర్ ఉన్న చొక్కా వేసుకుంటాం, అంతే.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ గదులు నడిచిన మూడేళ్ళూ నన్ను అనంతపురంలో హాస్టల్లో పెట్టి చదివించింది ఆ అద్దె డబ్బే. నేను ఇవాళ ఒంటిస్తంభం మేడల గురించి ఇంత పెద్ద టపా రాస్తున్నానంటే, ఒంటిస్తంభం మేడ పెట్టిన భిక్షే అది. అందుకని నీతులు చెప్పే హక్కు నాకు కొంచెం తక్కువే.

మూడు లక్షలిచ్చాను. అంతస్తుకి అది చాలదు, కావాలనే అంతే ఇచ్చాను. ఉన్న గదులు బాగు చేసి ఆఫీసు వాళ్ళకి ఇమ్మన్నాను, మిగిలితే గొర్రెల షెడ్డు వెయ్యమన్నాను. ఏం చేస్తాడో చూడాలి. మిగిలిన అయిదెకరాలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అమ్మనని మాటివ్వమన్నాను.

ఆయన నవ్వాడు. "అది అమ్మితే నువ్వు యాడికొస్తావురా?" అన్నాడు.